గడ్డికి సుత డ్యూటీ పడ్డది

ఏమీ అడగకుండ్రి. ఆదివారం పూట, రెస్టు నాడు, డ్యూటీ బట్టలేసుకొని, బూట్లు తొడుక్కొని, ఒళ్లె టిఫిన్ డబ్బ పెట్టుకొని పోశం కాక హోటల్ల ఎందుకు కూసున్న అని మీ మొఖాలల్లనే కనవడుతున్నది. చెప్త. చాయ్ రానియ్యండ్రి. మూడు గంటల సైరన్ కూసేదాక నాకు టైం ఉన్నది.

ముందుగాల ఒక మాట. నా ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసుల బొగ్గుబాయి కాడి బీడీల బుక్కుల నా పేరు ఎక్కలె. లోపలికి దిగేటప్పుడు తనిఖీల ఎవని జేబుల బీడీ, అగ్గిపెట్టె దొరికితే వాని పేరు రాసుకునే బుక్కు గదా అది. పోయిన నెల అండ్ల నా పేరు ఎక్కింది. నేను బీడీ ముట్టనని మీకు తెల్సు. కుందేలుతోని ఎక్కింది.

మా బిడ్డ నవ్య కరీంనగర్ల బీఈడీ చేస్తది. దాని ఫ్రెండ్ ఇంట్ల కుందేలు పిల్లలు పెట్టిందట, ఒకదాన్ని బూట్ల డబ్బల పెట్టుకొని బస్సుల పట్టుకొచ్చింది. తెల్లగ, పిడికెడంత ఉండె. పేరు దూది. మా సెంటినరీ కాలనీల తెల్లటి వస్తువుకు దూది అని పేరు పెట్టాలంటే ధైర్యం కావాలె. పొద్దుగాల ఆరేసిన తెల్ల బనీను పొద్దుమీకేసరికి రంగు మారుతది. వారం రోజులల్ల దూది సుత మారింది. పేరు మాత్రం మార్చలె.

మాది మూడు షిఫ్టుల ఇల్లు. నేను బాయిల సర్దార్‌ను, నా జాగల పనిచేసేటోళ్ల భద్రత చూసుకునేటోన్ని. నా భార్య సుగుణ కంపెనీ దవాఖానల నర్సు. ఆమె తమ్ముడు రవి ఓపెన్ కాస్టు బాయిల డంపర్ తోలుతడు, మా ఇంట్లనే ఉంటడు. ముగ్గురికి మూడు షిఫ్టులు, వారం వారం మారుతయ్. ఇంట్ల నిలకడగ ఉండేది మా అవ్వ ఒక్కతే. కొన్ని వారాలు నేను, సుగుణ గేటు కాడనే కలుస్తం. ఆమె వస్తుంటది, నేను పోతుంట. పప్పు గిన్నె ఫ్రిజ్జుల ఉన్నదని ఒకలకొకలం చెప్పుకొని ఎవల దారిన వాళ్లం పోతం. మా సంసారం ఇన్నేండ్లు మంచిగ నడిచిందంటే కారణం అదే కావచ్చు.

నవ్యకు టీచింగ్ ప్రాక్టీసు పడ్డది. పదిహేను రోజులు ఇంటికి రాదు. పోయే ముందట దూదిని పశువుల దవాఖానకు తీస్కపోయింది, నేను సుత ఎంబడి పోయిన. లైన్ల మా ముంగట ఒక బర్రె, ఎనుక రెండు మేకలు. మా వంతు వచ్చినంక డాక్టరమ్మ టార్చి పెట్టి దాని నోట్లె చూసింది. కుందేలు పండ్లు బతికినన్ని రోజులు పెరుగుతనే ఉంటయట. గడ్డి నమిలితెనే అరుగుతయట. కడుపు నడవాలన్నా గడ్డే కావాలెనట. ఎండుగడ్డి ఎప్పటికి ముంగట ఉండాలె, గుళికల దాణా ఇంత కొంచెం, మిగతావి ఎప్పుడో ఒకసారి అని చెప్పింది. దూదికి ఎనుక పండ్లు అప్పుడే మొనలు తేలుతున్నయట. మూడు వారాలు చూద్దాం, అప్పటికి గడ్డి తినకపోతే మత్తిచ్చి పండ్లు అరగదియ్యాలె అన్నది.

ఇంత చిన్న పానానికి మత్తు. డాక్టరమ్మకు సుత ఆ పని ఇష్టం లేదని మొఖం చూస్తెనే తెలుస్తున్నది. 

బస్సెక్కేటప్పుడు నవ్య నాతోని అన్నది: "బాపు, నేను వచ్చేవరకు అది గడ్డి తినకపోతే వాపస్ ఇచ్చేస్త. మన ఇంట్ల దాన్ని చూసుకునే టైం ఎవ్వరికి లేదు."

నాకు రోషమొచ్చింది. బాయిల నా జాగల దిగిన ప్రతి మనిషిని మళ్ల పైకి తెచ్చేటోన్ని నేను. పావు కిలో ఉన్నప్పుడు మా ఇంటికొచ్చిన కుందేలుతోని గడ్డి తినిపియ్యలేనా? అదీగాక, అప్పటికే నాకు దాని మీద పానం పడ్డది. ఆ సంగతి ఎవ్వరికి చెప్పలె.

మొదటి తప్పు గడ్డి కాడనే జరిగింది. మా అన్న కాసిపేటల వ్యవసాయం చేస్తడు. ఫోన్ కొట్టి ఎండుగడ్డి కావాలె అన్న. ఎంత కావాలె అని అడిగిండు. ఎవలకని చెప్పకుండ, ఉన్నంత పంపియ్యే అన్న. మరునాడు ట్రాక్టర్ వచ్చింది. వరిగడ్డి. క్వార్టర్ ముంగట కుప్ప పోసి పోయిండ్రు. పక్క క్వార్టర్ లక్ష్మక్క బయటికొచ్చి ఎన్ని బర్లు కొన్నరని అడిగింది. బర్లు కాదక్కా, కుందేలుకు అన్న. అక్క కుప్పను చూసింది, నా చేతిల ఉన్న దూదిని చూసింది, లోపలికి పోయింది.

దూది ఆ వరిగడ్డిల బొక్క చేసుకొని కమ్మగ పండుకున్నది. ఒక్క పోచ తినలె. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, వరిగడ్డి పరుపుకు మంచిదే సార్, తినేతందుకు మాత్రం పచ్చగ ఉన్నప్పుడే కోసి నీడల ఎండబెట్టిన గడ్డి కావాలె అన్నది.

నవ్య ఆన్‌లైన్ల తెప్పించిన గడ్డి ప్యాకెట్ ఒకటి ఉండె. దాన్ని మా అవ్వ కడిగింది. అవ్వ తప్పు లేదు. ఈ బొగ్గు దుమ్ముల యాభై ఏండ్లు ఇల్లు నడిపిన మనిషి, బయటినుంచి ఏ వస్తువొచ్చినా ముందుగాల బకెట్ల ముంచుతది. గడ్డిని నానబెట్టి, పిండి, దండెం మీద నా లుంగీ పక్కన ఆరేసింది. మర్నాటికి ముక్కిన వాసన. పారేసినం. ఎంత దుమ్ము పోయిందో నీళ్లు చూడాల్సుండె అని అవ్వ ఇప్పటికి చెప్తది.

మళ్ల అన్నకు ఫోన్ చేసిన. ఈసారి వివరంగ చెప్పిన. పొలం గట్ల మీది గరిక కోసి, గోనె సంచిల పంపిండు. నేనే వరండల దుప్పటి పరిచి, మీద పాత చీర కప్పి, నీడకు ఎండబెట్టిన. అవ్వకు బకెట్ దొరకకుండ రెండు రోజులు దాచిపెట్టిన. గరిక మంచిగ ఎండింది, పచ్చదనం పోలె, కమ్మటి వాసన. గూటి ముంగట పెట్టిన. దూది వచ్చి వాసన చూసింది. ఎనుకకు తిరిగి కూసున్నది.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ముగ్గురం మూడు షిఫ్టులకు ఇంటికొస్తం. వచ్చినోళ్లు వచ్చినట్టు, పాపం ఇది ఆకలితోని ఉన్నదనుకొని గుళికలు పోస్తున్నం. కడుపు నిండి ఉంటే గడ్డెందుకు తింటది? అంటే, ఇది కుందేలు సమస్య కాదు. చార్జి సమస్య. బాయిల నేను ఎప్పటికి మొత్తుకునేది అదే గదా. దిగిపోయే షిఫ్టోడు వచ్చే షిఫ్టోనికి ఎదురుంగ నిలబడి, ఏ జాగల ఏమున్నదో చెప్పి, బుక్కుల సంతకం పెట్టి కదలాలె. చార్జి ఇయ్యకుండ పోయినోన్ని నేను ఇంటికాడికెళ్లి పిలిపించిన రోజులున్నయ్.

రెండొందల పేజీల బుక్కు కొనుక్కొచ్చిన. స్కేలు పెట్టి గీతలు కొట్టిన. తేదీ, షిఫ్టు, గడ్డి, నీళ్లు, గుళికలు, పెంటికలు, ఇచ్చినోళ్ల సంతకం, తీసుకున్నోళ్ల సంతకం. పెంటికలు ఎందుకంటే, అవి పెద్దగ, పొడిగ ఉంటె కడుపు మంచిగ నడుస్తున్నట్టని డాక్టరమ్మ చెప్పింది. బుక్కుకు రంధ్రం చేసి, దారం కట్టి, దారానికి పెన్ను కట్టి, గూటి పక్కన మేకుకు తగిలేసిన. ఇంట్ల ముగ్గురిని కూసోబెట్టి పది నిమిషాలు సేఫ్టీ క్లాసు తీసుకున్న. గుళికలు రోజుకు రెండు చెంచాలు, మొదటి షిఫ్టులనే, అది సుత రాసినంకనే. రవి ఆవులిచ్చిండు. క్లాసుల ఆవులియ్యద్దని చెప్పిన.

అందరు బుక్కు మంచిగనే రాసిండ్రు, అబద్ధమెందుకు. సుగుణ దవాఖానల రాసినట్టు రాసేది: "పేషెంట్ నిలకడగ ఉన్నది. ఆహారం నిరాకరించింది." రవి డంపర్ లెక్క రాసేది: "గడ్డి ఒక ట్రిప్పు. అన్‌లోడ్ కాలె." అవ్వకు రాత రాదు, వేలిముద్ర ఏస్తనన్నది. ఇంకు ప్యాడ్ తెచ్చిచ్చిన. ఆ వేలు తుడుసుకునే గుడ్డ దొరకక దూదికే తుడిచేది. దాని ఈపు మీద నీలం మచ్చ ఇప్పటికి ఉన్నది. నేను గడ్డి కింద రోజూ ఒక్కటే మాట రాసేది: యథాతథం.

గుళికలు రెండు చెంచాలే పోతున్నయ్. గడ్డి యథాతథం. కుందేలు మాత్రం గుండ్రంగ అయితున్నది.

నేను ఎన్ని తీర్ల బతిమిలాడిననో మీకు చెప్తే నవ్వుతరు. కాగితం గొట్టంల గడ్డి కుక్కి దొర్లిచ్చిన. పాత సాక్సుల నింపి ఏలాడగట్టిన. గుళికలు గడ్డిల దాచిపెట్టిన, అది గుళికలు ఏరుకొని గడ్డి అవతల పడేసింది. ఒకనాడు ఎవ్వరు లేరని చూసుకొని, దాని ముంగట బోర్ల పండుకొని, నేనే ఒక గరిక పోచ నోట్లె పెట్టుకొని నమిలి చూపిచ్చిన. అది నన్ను శ్రద్ధగ చూసింది. ఎనుకకెళ్లి అవ్వ సుత చూసింది. "అన్నం అయ్యింది కొడుకా, లేచి చేతులు కడుక్కో" అన్నది. 

ఒక్క విషయంల మాత్రం దూది మమ్ముల మెప్పిచ్చింది. సైరన్ కూస్తే చాలు, ఎనుక కాళ్ల మీద లేచి నిలబడేది. పొద్దుగాల ఏడుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదకొండుకు. చెవులు రెండు గేటు దిక్కు. మా ఇంటికొచ్చినోళ్లకల్లా చూపిచ్చేది. కంపెనీ మనిషైపోయింది, మస్టర్ల హాజరు పడుతనే డ్యూటీకి తయారైతదని రవి చెప్పుకొనేటోడు. మాకెంత గర్వమంటే, అది ఎందుకు నిలబడుతున్నదని ఒక్కలన్న అడగలె.

పదిహేను రోజులైనంక శనివారం నవ్య వచ్చింది. బ్యాగు దించకుండనే గూడు కాడికి పోయింది. దూదిని ఎత్తి బరువు చూసింది, గడ్డి చూసింది, పెంటికలు చూసింది. చిన్నగ, అంటుకుంటున్నయ్. బుక్కు తీసి కూసున్నది. పదిహేను రోజులది మొత్తం చదివింది. బీఈడీ పిల్ల గదా, తప్పులు సుత దిద్దింది. తర్వాత, రేపు పొద్దుగాలదాక నేను ఏం మాట్లాడ, మీ పనులు మీరు చేసుకోండ్రి అన్నది. గూటి ఎదురుంగ కుర్చీ ఏసుకొని కూసున్నది.

నాది ఆ వారం ఫస్ట్ షిఫ్టు. మూడున్నరకు ఇంటికొచ్చిన. బూట్లు ఇడిసిన. టిఫిన్ డబ్బ మూత తీసిన. దూది ఉరికొచ్చింది. ఎప్పటి తీర్గనే మిగిలిన చపాతి ముక్క అందిచ్చిన.

"ఇదేంది బాపు?" అన్నది నవ్య.

"ఏది?"

"ఆ చపాతి. బుక్కుల రాసినవా?"

"ఇది పెట్టుడు కాదు బిడ్డా. టిఫిన్ మిగులు."

నా మాట నాకే ఇనవడ్డది. కని నేను అబద్ధమాడలె, మీరే చెప్పండ్రి. మనిండ్లల్ల బాయికాడికెళ్లి వాపసొచ్చిన డబ్బల ఏదన్న మిగిలితె అది ఇంట్ల చిన్నోళ్లది. అది తిండి లెక్కల రాదు. క్యాంటీన్ల ఇచ్చిన బూంది ఒక పిడికెడు, చపాతి ఒక ముక్క, మనం తినకుండ కావాల్నని మిగిలిస్తం. మన నాయినలు మనకు తెచ్చిండ్రు, మనం మన పిల్లలకు తెచ్చినం. నేను బుక్కుల గీసిన గడులు గడ్డి, నీళ్లు, గుళికలు. మిగులుకు గడి పెట్టలె. పెట్టాలని తోచనే లేదు.

నాలుగింటికి అవ్వ కొత్తిమీర ఏరుకుంట కాడలన్ని దూది ముంగట ఏసింది. అవి పెట్టుడు కాదట, పారేసేటివట. సెకండ్ షిఫ్టుకు పోయిన సుగుణ రాత్రి వచ్చి సగం యాపిల్ ఇచ్చింది. పెట్టుడు కాదట, పేషెంటోళ్లు ప్రేమతోని ఇస్తే ఇంటికి తెచ్చిందట. పొద్దుగాల నైట్ షిఫ్టు దిగొచ్చిన రవి అరటిపండు ముక్క ఇచ్చిండు. అది టేస్టుకట. నలుగురం నాలుగు దిక్కుల నిలబడి, బుక్కుల సంతకాలు పెట్టి, నిజాయితీగ ఆ పిల్లజీవి పానం మీదికి తెచ్చినం. సైరన్‌కు ఎందుకు నిలబడుతున్నదో అప్పుడు సమజైంది. అర్ధగంటల ఎవలో ఒకలు డబ్బ పట్టుకొని వస్తరు. అట్లాంటప్పుడు నడిమిట్ల గడ్డి ఎందుకు తినాలె? నేనైనా తిన.

ఆదివారం పొద్దుగాల ఇంట్ల ఎంక్వైరీ అయ్యింది. నవ్య కుర్చీల కూసున్నది, మేం నలుగురం నిలబడ్డం. ఎవ్వరి మీద అరవలె. వాపస్ ఇచ్చేద్దాం, దాని మేలుకే చెప్తున్న అన్నది. సుగుణ తల దించుకున్నది. రవి గోడ దిక్కు చూసిండు.

నాకు ఆగలె. అందరి ముంగట చెప్పేసిన. "నువ్వు చిన్నప్పుడు గేటు కాడ నిలబడేదానివి బిడ్డా. నా డబ్బ గుంజుకొనేదానివి. నువ్వు హాస్టలుకు పోయినంక నాలుగేండ్లు నా డబ్బ కోసం ఎవ్వరు రాలె. ఇది వచ్చింది. నాకు పానం లేచొచ్చినట్టైంది. దీన్ని ఇయ్యకు."

 నవ్య లేచి బుక్కుల కొత్త గడి గీసింది. దాని పైన "ఇతరములు" అని రాసింది. డాక్టరమ్మ ఇచ్చిన గడువుల ఇంక వారమున్నది, ఆ వారం నేను లీవు పెట్టి ఇంట్లనే ఉంట, ఎవ్వరు ఏమి పెట్టద్దు, అప్పటికి తింటే ఉంటది అన్నది.

ఆ వారం సుత నేను ఫస్ట్ షిఫ్టే అడిగి ఏసుకున్న. సోమ, మంగళవారాలు ఇంట్ల సమ్మె. సైరన్ కూస్తది. దూది నిలబడుతది. నేనొస్త. ఖాళీ డబ్బ చూపిస్త. అది నన్ను చూస్తది. తర్వాత దాని గుళికలు అది తిని, రెండు గడ్డి పోచలు కొరికి, ఈపు నా దిక్కు పెట్టి కూసుంటది. నాకు అన్నం సయిస్తలేదు. సుగుణ నా బీపీ చూసి, దూదికంటె నీకే ముందుగాల దవాఖాన కావాలె అన్నది.

మూడోనాడు ఆలోచన వచ్చింది. దానికి కావాల్సింది చపాతి కాదు, డబ్బ. డబ్బల గడ్డి పెట్టిస్తే? వంటింట్లకు పోయి డబ్బ నిండ గరిక కుక్కి, తెచ్చి మూత తీసిన. దూది వచ్చింది, వాసన చూసింది, పోయింది. తీసుకొచ్చింది వంటింట్లకెళ్లి అని దానికి తెల్సు. డబ్బకు బాయి వాసన లేదు. అంటే గడ్డి సుత డ్యూటీకి పోయి రావాలె.

గురువారం పొద్దుగాల ఒక చేతుల నా టిఫిన్, ఇంకో చేతుల గడ్డి డబ్బ పట్టుకొని బాయి కాడికి పోయిన. తనిఖీ కాడ నర్సయ్య ఉంటడు. అందరి జేబులు తడిమేది ఆయనే. లైన్ల నా ఎనుక సమ్మయ్య నిలబడ్డడు. రెండు నెలల కింద జేబుల ఒక్క బీడీ మర్చిపోయి వచ్చిండని నేను లైన్ల అందరి ముంగట పావుగంట క్లాసు పీకింది ఈ సమ్మయ్యకే. ఒక్క నిప్పురవ్వ ఏం చేస్తదో, ఎండిన వస్తువు ఎట్ల అంటుకుంటదో, అన్ని చెప్పిన.

నర్సయ్య మొదటి డబ్బ చూసిండు, అన్నం. రెండోది మూత తీసిండు. చూసిండు. రెండు వేళ్లతోని ఒక పోచ బయటికి తీసిండు.

"సర్దార్ సాబ్, ఇది ఎండుగడ్డి."

"ఔ."

"అంటుకుంటది."

"ఔ."

"మరి లోపలికి పోదు."

 రూలు కరెక్టు. ఆయనకు నేర్పిందే నేను. నూటయాభై మంది లైను ఆగిపోయింది. ఎందుకు తెచ్చినవని నర్సయ్య అడగలె. అది మర్యాద. బీడీల బుక్కు తీసి, కండ్లద్దాలు పెట్టుకొని, ఒక్కొక్క అక్షరం పలుక్కుంట రాసిండు: "మల్లేశం సర్దార్. ఎండుగడ్డి. ఒక డబ్బ." సంతకం పెట్టమన్నడు. పెట్టిన. డబ్బను తీసుకపోయి అరలో బీడీ కట్టల నడుమ పెట్టిండు.

ఎనుకకెళ్లి సమ్మయ్య నిమ్మళంగ అన్నడు: "నాదైతే ఒక్క బీడీనే, సర్దార్ సాబ్."

ఆ షిఫ్టుల బాయిల నాతోని ఎవ్వరు పెద్దగ మాట్లాడలె. తినేటప్పుడు మాత్రం ఒక్కొక్కలు వచ్చి నా డబ్బల ఇంత కూర ఏసి పోయిండ్రు. ఇంట్ల పరిస్థితి మంచిగ లేదనుకున్నరు. డాక్టర్ పథ్యం పెట్టిండేమో అని ఇంకొకలు అన్నరట. నేను వివరం చెప్పలె. చెప్తే ఇంకా అధ్వానమైతదనిపిచ్చింది.

షిఫ్టు దిగినంక నర్సయ్య కాడ సంతకం పెట్టి గడ్డి వాపస్ తీసుకున్న. ఎనిమిది గంటలు బీడీ కట్టల మధ్యల ఉన్నది గదా, ఒక తీరు వాసన. బాయి వాసన కాదు, బీడీ వాసన. ఇగ అయిపోయింది, ఇది తినదు అనుకుంట ఇంటికి పోయిన. నవ్య కుర్చీల ఉన్నది. దూది ఎనుక కాళ్ల మీద ఉన్నది. బూట్లు ఇడిసిన, కింద కూసున్న, మూత తీసిన. 

దూది డబ్బల తల పెట్టింది. పెట్టి తియ్యలె. కరకర నమిలే చప్పుడు ఇంట్ల అందరికి ఇనవడ్డది. అవ్వ వంటింట్లకెళ్లి చెయ్యి తుడుసుకుంట వచ్చింది.  డబ్బ సగం ఖాళీ అయ్యింది. నాకు కండ్లల నీళ్లు తిరిగినయ్, దాపరికమెందుకు. నవ్య లేచి దారానికున్న పెన్ను తీసి, గడ్డి గడిల యథాతథం అన్న నా మాటలన్నిటి కింద "తిన్నది" అని రాసి, నా చేత సంతకం పెట్టిచ్చింది.

వారంల గూటి ముంగటి గడ్డి సుత తినుడు మొదలువెట్టింది. పెంటికలు పెద్దగైనయ్. సుగుణ వాటిని దీపం కింద పెట్టి చూసి సంతోషపడ్డది. డాక్టరమ్మ టార్చి పెట్టి చూసి, మత్తు అవసరం లేదు, ఇట్లనే తినిపియ్యండ్రి, ఏం చేసిండ్రు అని అడిగింది. మందు బీడీల మధ్యల దొరికిందని చెప్పలె. డబ్బ మార్చినం మేడం అన్న.

దూది మాదే. నవ్య కరీంనగర్ పోయేటప్పుడు దాన్ని నా చేతుల పెట్టి పోయింది. బాయి కాడ నర్సయ్య ఇప్పుడు నన్ను చూస్తనే బుక్కు తెరుస్తడు. సమ్మయ్య పోయిన వారం వాళ్ల పొలం గట్టు మీది గరిక ఒక సంచి ఎండబెట్టి తెచ్చిచ్చిండు. బీడీ సంగతి ఇద్దరం మర్చిపోయినం.

అన్ని మంచిగనే ఉన్నయ్, ఒక్క ఆదివారం తప్ప. నవ్య పోయినంక మొదటి ఆదివారం నాకు రెస్టు. లుంగీ మీద కూసొని డబ్బ తెరిచిన. సైరన్ కూసింది, దూది లేచింది, లుంగీ చూసింది, బూట్లు లేని కాళ్లు చూసింది. ఎనుకకు తిరిగి కూసున్నది. ఆ రోజు సాయంత్రం దాక పోచ ముట్టలె. నవ్యకు ఫోన్ చేసి చెప్తే, అయితే డ్యూటీకి పో బాపు అన్నది, చదువుకున్న పిల్ల.

గందుకే ఈ బట్టలు. గందుకే ఈ డబ్బ. పొద్దుగాల బయల్దేరేటప్పుడు లక్ష్మక్క గేటు కాడ అడిగింది, ఏంది తమ్మీ, ప్లే డే పడ్డదా అని. ప్లే డే అంటె పైసలెక్కువొచ్చే ఆదివారం డ్యూటీ గదా, అది దొరకాలంటే మన దగ్గర ఎంత కొట్లాటనో మీకు తెల్సు. పడ్డదక్కా అన్న. అబద్ధం కాదు. పొద్దటికెళ్లి గోదావరిఖని చౌరస్తాల తిరిగిన, బస్టాండ్ల కూసున్న, ఇప్పుడు మీ కాడ కూసున్న. పోశం కాకా, జర ఈ గడ్డి డబ్బను పొయ్యి పక్కన పెట్టు, ఇంత పొగ వాసన తగలనియ్యి.

అగో, సైరన్. నేను పోవాలె. ఇరవై ఎనిమిదేండ్లల్ల బాయి కాడ ఒక్కనాడు నాకు లేట్ మస్టర్ పడలె. ఇప్పుడు కుందేలు కాడ పడనిస్తనా?